చేతులు ఏం చేస్తున్నాయో చూడు చెల్లె

చెల్లె, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మూడు నెలలు చేర్యాల పటం, అంటే బట్ట మీద కథను బొమ్మలుగా వేసే పని, శిక్షణ తీసుకున్నావు, ఎదురుగా బొమ్మ పెట్టి వేయమంటే చక్కగా వేస్తున్నావు, బతుకమ్మ, బోనాలు, ఎడ్లబండి, కల్లు గీసే తాత, వీటికి చిన్న చిన్న ఆర్డర్లు కూడా వస్తున్నాయి. కానీ సొంతంగా ఒక బొమ్మ వేద్దామని కూర్చుంటే చేయి కదలడం లేదు, ఫోన్‌లో నాలుగు వేల బొమ్మలు దాచుకున్నా ఒక్కటీ పనికి రావడం లేదు, టెన్షన్ వచ్చి లేచిపోతున్నాను అన్నావు. నేను రోజూ ఏం చూస్తానో, ఏం ఏరుకొస్తానో, దేనితో సరదాపడతానో చెప్పమన్నావు. కింద, నువ్వు చేసే కొబ్బరి చిప్ప మాస్కులు పగులుతున్నాయని కూడా రాశావు, దాని గురించి ఆఖర్లో చెప్తాను.

నేను ఈ పనిలోకి వచ్చి 26 ఏళ్లు అయింది. ఉండేది హనుమకొండలో. మా ఇంట్లో నాకంటే ముందు ఎవరూ నకాషీ పని, అంటే ఈ పటాలు, మాస్కులు చేసే పని, చేయలేదు, చేర్యాల దగ్గర ఒక గురువు ఇంట్లో ఐదేళ్లు చింతగింజలు నూరి, బట్టకు సుద్ద పూసి, రంగులు కలిపి, ఆ తర్వాతే కుంచె పట్టుకున్నాను. నీకు ఇప్పుడున్న ఇబ్బంది నాకూ నాలుగేళ్లు ఉంది కాబట్టి తెలిసే చెప్తున్నా.

మనం ఏరుకోవాల్సింది పనులను. వస్తువులు, రంగులు, డిజైన్లు తర్వాత వాటంతట అవే వెంట వస్తాయి. ఎవరు, ఏం చేస్తున్నారు, ఆ పని చేసేటప్పుడు వాళ్ల చేయి ఎక్కడుంది, నడుము ఎటు వంగింది, చూపు ఎక్కడుంది, ఇంతే నేను చూసేది. ఎందుకంటే మన పటం పుట్టిందే దానికోసం. ఇప్పుడంటే ఫ్రేము కట్టి హాల్లో పెట్టుకుంటున్నారు గానీ పటం అంటే కథ చెప్పేవాళ్ల పనిముట్టు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివాళ్లు, మాదిగలకు జాంబపురాణం చెప్పే డక్కలివాళ్లు, ఇట్లా ఒక్కో కులానికి ఒక్కో కథ, ఆ కథ చెప్పడానికి ఆ కులాన్ని నమ్ముకున్న కథకులు, వాళ్లు వచ్చి నకాషీలతో పటం వేయించుకునేవాళ్లు. మూడడుగుల వెడల్పు, ముప్పై నలభై అడుగుల పొడవు ఉండేది ఒక్కోటి. ఊరి మధ్యలో గుంజలకు కట్టి, ఒక్కో గడి, అంటే ఒక్కో ఘట్టం బొమ్మ, విప్పుతూ, పుల్లతో చూపిస్తూ రాత్రంతా కథ చెప్పేవాళ్లు. పటం పాతబడి ఇక పనికిరాదనుకుంటే మనిషికి చేసినట్టే కర్మ చేసి నీళ్లలో కలిపేవాళ్లు, అంటే దానికి ప్రాణం ఉందనుకున్నారు.

ఇప్పుడు ఆ రాత్రిని ఒకసారి ఊహించు. కరెంటు లేదు, దీపమో కాగడానో ఉంది, ఆఖరి వరసలో ఒక ముసలమ్మ మనవడిని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమెకు అంత దూరం నుంచి ఈ గడిలో ఎవరు ఎవరిని కొడుతున్నారో, ఎవరు ఎవరికి బువ్వ పెడుతున్నారో తెలియాలి. అందుకే కళ్లు అంత పెద్దవి వేస్తాం, మొహాలు ఎక్కువగా పక్కకు తిప్పి వేస్తాం, వెనకంతా ఎరుపు నింపుతాం, దేవుళ్లకు నీలం, అమ్మవార్లకు పసుపు, రాక్షసులకు ముదురు రంగు, మామూలు మనుషులకు ఒంటి రంగు ఇస్తాం. అందుకే చేతులు కూడా అంత స్పష్టంగా వేస్తాం. నేను చూసిన ఒక పాత పటంలో రంగు ఎక్కువ అరిగిపోయింది చేతుల దగ్గరే, కథకుడి పుల్ల అక్కడే తగిలి తగిలి. నాకు ఆరోజు అర్థమైంది, గడిలో కథ నడిచేది చేతిలోనని.

నువ్వు దాచుకున్న నాలుగు వేల బొమ్మల్లో లేనిది అదే. అవి చెడ్డవని కాదు, కానీ వాటిలో దేన్ని చూడాలో, దేన్ని వదిలేయాలో ఇంకొకరి కన్ను ముందే తేల్చేసింది. నీ వంతు పని ఏమీ మిగలలేదు. అందుకే అవి చూశాక నీకు కాపీ చేయాలనిపిస్తుంది, లేకపోతే నిద్ర వస్తుంది.

దీని గురించి నాకు జరిగింది చెప్తాను. పని నేర్చుకున్న కొత్తలో ఒక చేనేత సంఘం వాళ్లు పద్మశాలీల మూలపురుషుడు భావనారుషి కథ నాలుగు గడులు కావాలన్నారు, ఆఖరి గడిలో ఇప్పటి నేతకారుణ్ని కూడా చూపించమన్నారు. తామర తూళ్ల దారం, పులి, ఇవన్నీ గురువు దగ్గర నేర్చుకున్నవే కాబట్టి మూడు గడులు ధైర్యంగా వేశాను. నాలుగో గడికి ఒక పత్రికలో వచ్చిన ఫోటో పెట్టుకున్నాను. అందులో మనిషి నడుము నుంచి పైకే ఉన్నాడు, కింది భాగం నేనే ఊహించి మగ్గం ముందు బాసింపట్టు వేసి కూర్చోబెట్టాను. పటం చూపించడానికి వరంగల్‌లో నేతవాళ్లుండే కొత్తవాడ పోతే, అక్కడ ఒక పెద్దాయన చాలాసేపు చూసి, చాలా మెల్లగా, "బిడ్డా, ఈయన మగ్గం తొక్కుతలేడు గదా, మరి బట్ట ఎట్ల వస్తది" అన్నాడు.

నాకు నోట మాట రాలేదు. పదకొండు రోజుల పని అది. కానీ ఆయనే ఇంట్లోకి పిలిచి గుంట మగ్గం చూపించాడు, నేను ఒక్కరోజు చూసి వస్తాననుకున్నదాన్ని నాలుగు రోజులు పోయి కూర్చున్నాను. కాళ్లు గుంటలో ఉంటాయి, ఒక తొక్కుడు చెక్క దిగితే ఇంకోటి లేస్తుంది, సరిగ్గా అప్పుడే కుడి చేయి తాడు గుంజితే దారం మోసే నాడె పడుగు, అంటే నిలువు పోగుల, మధ్యలోంచి దూసుకుపోతుంది, ఎడమ చేయి పలకను దగ్గరికి లాగి పేకను, అంటే అడ్డపోగును, కొడుతుంది. నడుము మాత్రం రాయిలాగా కదలదు. మెడ కొంచెం ముందుకు వంగి ఉంటుంది, ఎక్కడ పోగు తెగుతుందోనని చూపంతా పడుగు మీదే. అది చూశాక గడి మొత్తం మళ్లీ వేశాను, గుంటను కోసినట్టు పక్కనుంచి చూపించి కాళ్లు వేశాను. సంఘం వాళ్లకంటే ముందు ఆ పెద్దాయనకే చూపించాను, ఆయన పటంలో ఉన్న మనిషి కాలి మీద వేలు పెట్టి "ఇగో, ఇప్పుడు నేస్తున్నడు" అన్నాడు. ఈ 26 ఏళ్లలో నా పనికి దొరికిన మెప్పుల్లో అంతకంటే పెద్దది లేదు.

అప్పటినుంచి ఒక నియమం పెట్టుకున్నాను. నా కళ్లతో చూడని పనిని పటంలో వేయను. దేవుళ్ల కథ అయినా సరే, అందులో అమ్మవారు చాట పట్టుకుంటే నేను ముందు చాట పట్టుకున్న చేయిని ఎక్కడో చూసి ఉండాలి.

రోజూ ఏం చూస్తానంటే, పెద్ద ప్రయాణాలేమీ లేవు. పొద్దున పాల ప్యాకెట్ కోసం పోయినప్పుడు చాయ్ దుకాణం దగ్గర ఐదు నిమిషాలు నిలబడతాను. చాయ్ వడగట్టేటప్పుడు ఆ అబ్బాయి గిన్నెను పట్టకారుతో పట్టుకుని మోచేయి పైకి లేపుతాడు, గ్లాసుల వైపు చూడనే చూడడు, ఎవరు డబ్బులు ఇవ్వకుండా పోతున్నారో అటు చూస్తుంటాడు. చేయి ఒక దిక్కు, చూపు ఒక దిక్కు. ఇది నాకు రెండేళ్ల తర్వాత ఒక రాజు సభ గడిలో పనికొచ్చింది, పాయసం వడ్డిస్తూ యుద్ధం మాటలు వింటున్న మనిషికి అదే ఒళ్లు ఇచ్చాను.

ఫిబ్రవరి, మార్చిలో మా వీధిలో అరుగుల మీద కూర్చుని చింతపండు కొడతారు. నాకు ఆ నెలలంటే పండగే. గింజలు నాకు కావాలి కదా, ఒక సంచి పట్టుకుని పోయి వాళ్లతో పాటు కూర్చుంటాను, గింజలు తీసుకుంటాను, మధ్య మధ్యలో వాళ్ల చేతులు వేసుకుంటాను. ఒక చేత్తో కాయను రాయి మీద తిప్పుతూ ఇంకో చేత్తో కొడతారు, వేలికి తగలకుండా ఎట్లా తప్పిస్తారో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే. ఆ గింజలను నానబెట్టి, నూరి, ఉడకబెడితే వచ్చే జిగురే బట్టకు పట్టేది, మాస్కుకు పట్టేది. అంటే సరుకూ అక్కడే, బొమ్మా అక్కడే. కొబ్బరి చిప్పలు గుడి దగ్గర అడిగి తెచ్చుకుంటాను, రంపపు పొట్టు టింబర్ డిపోలో ఇస్తారు. నేను డబ్బులు పెట్టి కొనేది ఖాదీ బట్ట, సుద్ద, రంగులు, కుంచెలు, అంతే.

కాగితం కూడా కొనను. పెండ్లి పత్రికల వెనక వైపు ఖాళీగా ఉంటుంది, మందంగా ఉంటుంది, నీటి రంగు వేసినా ముడుచుకోదు. చుట్టాలందరికీ చెప్పి పెట్టాను, నాకు ఇచ్చేస్తారు. వాటిని కుట్టి పుస్తకంలాగా చేసుకుంటాను. రోజుకు ఐదు చేతులు, కుంచెతోనే, పెన్సిల్ లేకుండా, ఒకే రంగుతో. మన పటం పద్ధతే అది, మొదటి గీత కుంచెతోనే పడాలి. పెన్సిల్ ఉంటే తుడుచుకోవచ్చనే ధైర్యం చూపును బద్ధకం చేస్తుంది. కింద ఒక్క ముక్క రాసుకుంటాను, "బస్సులో టికెట్ చింపుతున్న చేయి", "పిల్లకు కాటుక పెడుతున్న చేయి", "కరివేపాకు దూస్తున్న చేయి". పేర్లు రాయను, మనుషుల మొహాలు పోలికలతో వేయను, ఎవరైనా చూసి ఇబ్బంది పడితే ఆ కాగితం వాళ్లకే ఇచ్చేస్తాను. ఇప్పటికి అట్లాంటి పుస్తకాలు పెట్టె నిండా ఉన్నాయి. పని ఆగిపోయినప్పుడు నేను తెరిచేది ఫోన్ కాదు, ఆ పెట్టె.

రంగు సంగతి అడిగావు. ఎరుపు ఎట్లా కలుపుతారక్కా, నాది డబ్బాలోంచి తీసినట్టే ఉంటుంది అన్నావు. మిర్చి సీజన్‌లో ఒక పొద్దున వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పో. ముందు తేజ మిర్చి బస్తాలు చూడు, సన్నగా, కొంచెం నారింజ వైపు మెరుస్తూ ఉంటుంది. తర్వాత చపాటా చూడు, 2025లో భౌగోళిక గుర్తింపు వచ్చింది చూడు, మన వరంగల్ చపాటా. కారం తక్కువ, రంగు ఎక్కువ, పొట్టిగా లావుగా, ఎరుపు అంటే ఏంటో అక్కడ తెలుస్తుంది. కోల్డ్ స్టోరేజీలోంచి తీసిన పాత సరుకు పక్కన పెడితే ఇంకో ఎరుపు, గోధుమ వైపు పోతుంది. ఒకే మార్కెట్‌లో నాలుగైదు ఎరుపులు కనిపిస్తాయి. నేను రెండు కాయలు జేబులో వేసుకుని వచ్చి పక్కన పెట్టుకుని రంగు కలుపుతాను. పూర్వం ఇంగిలీకం అనే ఖనిజంతో వచ్చిన ఎరుపులో లోతు ఉండేది, ఇప్పటి పోస్టర్ రంగు ఒక్కటే వేస్తే చదునుగా ఉంటుంది, అందుకే నేను కాస్త పసుపు, అతి కొంచెం నలుపు కలిపి రెండు పలుచటి పూతలు వేస్తాను. ఆరాక లైటు ఆపి, సాయంత్రం మసక వెలుతురులో గది ఆ చివరినుంచి చూడు. ఎరుపు ముందుకు దూకి మనుషులను మింగేస్తుంటే ఎక్కువైనట్టు, మనుషులే ముందుకు వస్తే సరిపోయినట్టు.

అక్కడికి పోయినందుకు రంగు ఒక్కటే తెచ్చుకోకు, బస్తా ఎత్తే హమాలీని చూడు. కొక్కెం ఒక చేతిలో, రెండో చేయి బస్తా అడుగున, మోకాలు ముందు వంగుతుంది, నడుము తర్వాత లేస్తుంది. హనుమంతుడు సంజీవని కొండ ఎత్తే గడి వేసేటప్పుడు చాలామంది కొండను లడ్డూలాగా అరచేతిలో పెడతారు. నేను మాత్రం హమాలీ మోకాలు పెట్టాను. ఆ గడి ముందు పిల్లలు నిలబడి తాము కూడా మోకాలు వంచి చూసుకున్నారు, నాకు భలే సంతోషమైంది.

గుళ్లకు పోవాలా అంటే పోవాలి, కానీ డిజైన్ల కోసం పోకు. వరంగల్ ఖిల్లాలో కీర్తి తోరణాల మీద హంసలు, కింద పడి ఉన్న రాళ్ల మీద పూల వరసలు, ఇవన్నీ పటం అంచులకు పనికొస్తాయి, అందరూ వాడుతున్నారు కూడా. రామప్పకు పో. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం పెరిగారు కానీ పొద్దున్నే పోతే ప్రశాంతంగా ఉంటుంది. చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ల శిల్పాలు, ఉంటాయి కదా, ఎత్తు మడమల చెప్పులున్న ఆమె దగ్గర అందరూ ఫోటో దిగుతారు. నువ్వు కోతి చీర లాగుతున్న బొమ్మ దగ్గర ఆగు. అలంకారమంతా పక్కన పెట్టి, లాగితే ఒళ్లు ఎటు తిరిగిందో అదొక్కటే నాలుగు గీతల్లో వేసుకో. ఎనిమిది వందల ఏళ్ల కిందటి శిల్పి కూడా మనలాగే ఎక్కడో వీధిలో నిలబడి ఆ పని చూసే ఉంటాడని నాకు గట్టి నమ్మకం. రాయి ముక్కలు మాత్రం ఏరుకురాకు, చిన్నదైనా సరే, అవి అక్కడివే.

జాతరలంటే నాకు ప్రాణం. సంక్రాంతికి ఐనవోలు మల్లన్న, తర్వాత కొమురవెల్లి, చేర్యాల పక్కనే కదా. అక్కడ మల్లన్న కథ చెప్పే ఒగ్గువాళ్లు పట్నం వేయడం ఎప్పుడైనా మొదటినుంచి చివరిదాకా చూశావా? పసుపు, కుంకుమ, తెల్లపిండి, పచ్చపొడి, వేళ్ల మధ్యలోంచి జారుస్తూ నేల మీద అంత పెద్ద ముగ్గు, ఎక్కడా చేయి ఆగదు, గీత కలవాల్సిన చోట కలుస్తుంది. అంతా అయ్యాక దాని మీదే తొక్కుతూ ఆడతారు, గంటల పని కళ్లముందే కలిసిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు ఏడుపొచ్చింది, ఇప్పుడు చేయి బిగుసుకుపోయినప్పుడల్లా దాన్నే గుర్తు చేసుకుంటాను, మనం ఒక్క గీత తప్పు పడుతుందేమోనని ఎంత భయపడతామో కదా. ఇక ఒగ్గు కథ చెప్పేటప్పుడు భుజం మీద కండువా ఉంటుంది చూడు, అదే కండువా ఒళ్లో పెట్టుకుంటే పసిబిడ్డ, బిగించి పట్టుకుంటే కత్తి, తల మీద కప్పుకుంటే ముసలమ్మ. వస్తువు మారలేదు, చేతి పని మారింది. నేను ఇందాకటినుంచి చెప్తున్నది ఒక్క కండువాతో ఆయన చూపించేస్తాడు.

బతుకమ్మ బొమ్మలకు ఆర్డర్లు వస్తున్నాయన్నావు కదా, దాని మీద కొంచెం గట్టిగానే చెప్తాను. అందరూ వేసే బతుకమ్మ ఒకటే, మధ్యలో పూల గోపురం, చుట్టూ ఆడవాళ్లు చప్పట్లు. అది వెయ్యి, అమ్ముకో, అద్దె కట్టుకో, అందులో తప్పేం లేదు. కానీ పండగకు ముందు రోజు మధ్యాహ్నం ఎవరింటికైనా పో. గునుగు పూల కొసలు కత్తిరించి కట్టలు కట్టేవాళ్లు, రంగు నీళ్లలో ముంచి దులిపేవాళ్లు, దులిపినప్పుడు పక్కవాళ్ల చీర మీద పడితే జరిగే గొడవ, తాంబాళంలో ఆకు పరిచి మొదటి వరస తంగేడు పేర్చే పెద్దమ్మ, వరస వంకరపోయిందని మళ్లీ తీయించే ఇంకో పెద్దమ్మ, నడుమ ఖాళీలో ఆకులు కూరే పిల్లలు. ఆరు గడులు అక్కడే ఉన్నాయి, ఇంతవరకు ఎవరైనా వేశారేమో నేనైతే చూడలేదు. పోయిన ఏడాది నేను గునుగు ముంచడం ఒక్క గడి వేశాను, వేళ్లకు అంటిన గులాబీ రంగుతో సహా. కొన్నావిడ దాన్ని చూసి వాళ్ల అమ్మ చేతులని చెప్పింది, నేను వాళ్లమ్మను ఎప్పుడూ చూడలేదు.

సరదా సంగతి. నాకు రెండు ఆటలున్నాయి. ఒకటి బస్సు ఆట, హనుమకొండ నుంచి జనగామ పోయేటప్పుడు కిటికీ పక్కన కూర్చుని, రోడ్డు మీద దూరంగా నడిచేవాళ్ల భుజాలు మాత్రమే చూసి చేతిలో ఏముందో చెప్పాలి. నీళ్ల బకెట్టా, కూరగాయల సంచా, నిద్రపోయిన పిల్లా? దగ్గరికి వచ్చేసరికి తెలిసిపోతుంది. నా బిడ్డ చిన్నప్పటినుంచి నాతో ఆడుతుంది, ఇప్పుడు నాకంటే ఎక్కువ గెలుస్తుంది. ఒక్కోసారి జనగామ దాటి పెంబర్తిదాకా పోయి దిగుతాం, ఇత్తడి రేకును లక్క మీద పెట్టి సుత్తి దెబ్బలతో లతలు లేపేవాళ్లను చూస్తూ కూర్చుంటే గంట ఎట్లా పోతుందో తెలియదు. సుత్తి పెద్దగా పైకి లేవదు, దెబ్బ బలం మణికట్టులోనే ఉంటుంది, నా కుంచె పట్టు మారింది అది చూశాకే.

రెండో ఆట మా అత్తమ్మతో. సాయంత్రం ఆమె చాయ్ తాగుతూ వాళ్ల ఊరి ముచ్చట ఏదో ఒకటి చెప్తుంది, బర్రె తప్పిపోయింది, కల్లు లొట్టి పగిలింది, కొత్త కోడలు అలిగి బావి గట్టున కూర్చుంది. ఆమె చాయ్ అయిపోయేలోగా నేను ఒక పెండ్లి పత్రిక వెనక ఆ ముచ్చటను ఒక్క గడిలో పెట్టాలి. ఆమెకు అర్థం కాకపోతే ఓడిపోయినట్టు. ఎవరు ఏమన్నారో బొమ్మలో రాదు కదా, కాబట్టి మాటనంతా చేతిలోకి తేవాలి, అలిగిన కోడలు కొంగును వేలికి చుట్టుకుంటుంది, బతిమాలే మొగుడు చెప్పులు విడిచి దూరంగా నిలబడతాడు. ఈ ఆటలోంచే నాకు చాలా పటాలు పుట్టాయి. నీ ఇంట్లో కూడా ముచ్చట్లు చెప్పే పెద్దవాళ్లు ఉంటారు, రేపే మొదలుపెట్టు. అందులో మంచి సంగతి ఏంటంటే, బొమ్మ బాగుండాలన్న భయం ఉండదు, చాయ్ అయిపోతుందన్న తొందర ఒక్కటే ఉంటుంది.

ఏమీ రాని రోజులు నాకు ఇప్పటికీ వస్తాయి. ఆ రోజు బొమ్మ జోలికి పోను. బట్ట తయారు చేసుకుంటాను. ఖాదీకి గంజి, సుద్ద, చింతగింజల జిగురు, తుమ్మ జిగురు కలిపి మూడు పూతలు, ఒక్కోటి ఆరాకే ఇంకోటి. వానాకాలంలో అది రెండు మూడు రోజుల పని. చేతికి పని ఉంటే మనసు దానంతటదే తిరిగి వస్తుంది, చాలాసార్లు మూడో పూత రుద్దుతుంటేనే ఏదో ఒక చేయి గుర్తొస్తుంది. ఖాళీగా ఫోన్ చూస్తూ కూర్చుంటే మాత్రం నాకు ఏనాడూ గుర్తు రాలేదు.

ఆర్డర్ల గురించి నా సలహా, కీచైన్లు, బుక్‌మార్కులు మానేయకు. కానీ నెలకు ఒక్క గడి అయినా ఎవరూ అడగనిది వెయ్యి, అడుగు వెడల్పు చాలు, ఇద్దరు మనుషులు, ఒక పని. దాన్ని మొదట ఆ పని చేసేవాళ్లకు చూపించు, ఆ తర్వాత కొనేవాళ్లకు. ఇక కులాల పురాణాల జోలికి పోతే మాత్రం ఆ కథ చెప్పేవాళ్ల నోట ఒక్కసారైనా వినకుండా వేయొద్దు. పుస్తకంలో చదివితే పేర్లు దొరుకుతాయి, ఎక్కడ గొంతు పెంచుతారో, ఎక్కడ ఆగుతారో దొరకదు, గడి ఎంత పెద్దదిగా ఉండాలో తేలేది అక్కడే.

ఇప్పుడు మాస్కుల పగుళ్లు. నువ్వు పెట్టిన ఫోటోలో పగులు ముక్కు పక్కన, కనుబొమల కింద వస్తోంది, అంటే ముద్ద మందంగా ఉన్నచోట. ముక్కును ఒకేసారి పెద్ద ముద్దతో పెట్టేస్తున్నావు అనుకుంటా. పైన ఆరుతుంది, లోపల తడి ఉంటుంది, పైభాగం గుంజుకుని పగులుతుంది. రంపపు పొట్టును బాగా జల్లెడ పట్టు, నానబెట్టి, నీళ్లు పిండేసి, ఆరాక చింతగింజల జిగురుతో చపాతీ పిండి కంటే కొంచెం మెత్తగా కలుపు. కొబ్బరి చిప్ప మీద ముందు పలుచటి పొర ఒకటి వేసి పూర్తిగా ఆరనివ్వు. తర్వాత ముక్కు, పెదవులు, కనుబొమలు రెండు మూడు విడతల్లో పెంచు, ప్రతి విడతకు ముందు కింది పొరను తడి వేలితో రుద్దు, అప్పుడు అతుక్కుంటుంది. ఎండలో పెట్టకు, నీడలో గాలి ఆడేచోట పెట్టు, ఈ వానల్లో అయితే నాలుగు రోజులు పట్టినా పర్వాలేదు. ఇప్పటికే పగిలినవాటిని పారేయకు, పగుల్లో పలుచటి జిగురు పోసి, మెత్తటి పొట్టు ముద్ద కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్ది, పైన సుద్ద పూత వెయ్యి. ముక్కు మరీ నిటారుగా పెట్టావు, కొంచెం కిందికి దించు, ఎవరి ముక్కో ఒకరిది చూసి పెట్టు.